ఇంజిన్ దించకుండా క్రాంక్ బేరింగులు మార్చడం: భారీ డీజిల్ ఇంజిన్లకు

భారీ డీజిల్ ఇంజిన్‌లో మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు మార్చాలంటే ప్రతిసారీ ఇంజిన్‌ను చాసిస్ నుంచి దించక్కర్లేదు. సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి, కింద నుంచే ఒక్కో క్యాప్ (బేరింగ్‌ను కింద నుంచి పట్టి ఉంచే భాగం) తీసి, పాత షెల్‌ను (బేరింగ్‌లోని అర్ధవృత్తపు లోహపు రేకు) బయటికి తిప్పేసి, కొత్తదాన్ని అదే దారిలో లోపలికి తిప్పవచ్చు. అయితే దీనికి ఒక షరతుంది. క్రాంక్ జర్నల్స్, అంటే బేరింగుల్లో తిరిగే క్రాంక్ భాగాలు, బాగుండాలి. జర్నల్ పాడై ఉంటే కొత్త షెల్స్ వేసినా డబ్బూ శ్రమా దండగే.

షెల్ దానంతటది ముందుగా అరిగిపోదు. ఇంజిన్ సరిగ్గా నడుస్తున్నంతకాలం జర్నల్‌కీ షెల్‌కీ మధ్య ఆయిల్ పొర ఉంటుంది, లోహం లోహాన్ని తాకేది స్టార్ట్ చేసే, ఆపే క్షణాల్లోనే. గడువుకు ముందే అరిగిందంటే ఆ పొరను ఏదో చెడగొట్టింది. అదేమిటో కనుక్కోకుండా కొత్త షెల్స్ వేసి మూసేయడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చే పొరపాటు.

విప్పాలని ఎప్పుడు తేలుతుంది

మొదటి గుర్తు ఆయిల్ ప్రెషర్. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ నెలనెలా దిగుతూ వస్తే, ఆయిల్ గ్రేడ్ సరైనదే అయితే, ముందు గేజ్‌నే అనుమానించండి. మెకానికల్ గేజ్ ఒకటి నేరుగా మెయిన్ గ్యాలరీకి, అంటే బ్లాక్‌లోని ముఖ్య ఆయిల్ దారికి, బిగించి చూడండి. భారీ డీజిల్స్ చాలావాటిలో వేడి ఐడిల్‌లో 10 నుంచి 15 పీఎస్ఐ కనీసం ఉండాలంటారు, రేటెడ్ స్పీడులో ఇంకా చాలా ఎక్కువ ఉండాలి. మీ ఇంజిన్ మాన్యువల్‌లోని అంకెదే తుది మాట. ప్రెషర్ తక్కువ ఉన్నంత మాత్రాన బేరింగులే అని తేల్చకండి. అదనపు ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కున్నా, పంప్ అరిగినా, సక్షన్ పైపు ఓ-రింగ్ గట్టిపడి గాలి పీల్చుతున్నా ఇదే గుర్తు కనిపిస్తుంది.

రెండోది చప్పుడు. మెయిన్ బేరింగ్ అరిగితే లోడ్ మీద లోతైన దబదబ శబ్దం వస్తుంది. రాడ్ బేరింగ్ చప్పుడు అంతకన్నా పదునుగా ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు తేటగా వినిపిస్తుంది. చప్పుడు వినిపించేదాకా ఆగితే మాత్రం చాలాసార్లు జర్నల్ అప్పటికే పోయి ఉంటుంది.

మూడోది, అన్నిటికన్నా ముందు చెప్పేది, ఆయిల్ పరీక్ష. వరసగా తీసిన నమూనాల్లో సీసం, రాగి, తగరం కలిసి పెరుగుతుంటే అది షెల్ పైపొర కరిగిపోతున్న సంగతి. రాగి ఒక్కటే పెరిగితే తొందరపడకండి, కొత్త ఆయిల్ కూలర్ నుంచి కూడా రాగి వస్తుంది. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ దిగుతోందని అనుమానించాలి. సిలికాన్ పెరిగితే దుమ్ము. పరీక్షకు పంపే వీలు లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. రాగి రంగు రేకులు, వెండిలా మెరిసే పొట్టు కనిపిస్తే ఇక ఇంజిన్ నడపకండి.

కింద నుంచి చేయకూడని పరిస్థితులు

షెల్ తాను కూర్చునే హౌసింగ్‌లో తిరిగిపోయి ఉంటే ఈ పద్ధతి అక్కడితో ఆపాలి. షెల్ వీపు, హౌసింగ్ లోపలి గోడ రాసుకుని సైజు పోయి ఉంటాయి. బ్లాక్‌కైతే లైన్ బోరింగ్ (మెయిన్ హౌసింగులను ఒకే వరసలో మళ్లీ బోర్ చేయడం), రాడ్‌కైతే సైజింగ్ లేదా కొత్త రాడ్ కావాలి. జర్నల్ వేడికి నీలంగా మారినా, గోరు పెట్టి గీస్తే గీత తగిలినా, అంచు దగ్గర గుండ్రని మలుపులో పగులు అనుమానం ఉన్నా క్రాంక్ బయటికి రావాల్సిందే. నీలి రంగు ఎక్కిన జర్నల్ గట్టిదనం పోయిందో లేదో కొలవకుండా, పగులు పరీక్ష చేయకుండా కేవలం గ్రైండ్ చేసి వేయడం తప్పు.

దగ్గర ఉంచుకోవలసినవి

మాన్యువల్‌లో మీ ఇంజిన్ సీరియల్ నంబరుకు సంబంధించిన టార్క్ పట్టిక, మైక్రోమీటర్, డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండ్, రెండు సైజుల టార్క్ రెంచ్, యాంగిల్ గేజ్, ఫీలర్ గేజ్, ఫ్లైవీల్ తిప్పే బారింగ్ టూల్, జర్నల్‌కీ షెల్‌కీ మధ్య సందు (క్లియరెన్స్) కొలిచే ప్లాస్టీగేజ్ తీగ. ప్లాస్టీగేజ్‌లో రంగును బట్టి కొలిచే మేర మారుతుంది: ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మి.మీ., ఎరుపుది 0.051 నుంచి 0.152, నీలంది 0.102 నుంచి 0.229. పెద్ద ఇంజిన్లకు ఎరుపుదే ఎక్కువగా పనికొస్తుంది.

షెల్ తిప్పడానికి ఒక పిన్ను కావాలి. జర్నల్‌లోని ఆయిల్ రంధ్రంలో వదులుగా దిగేలా కాడ, పైన చదునైన తల. తల మందం షెల్ మందం కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే అది హౌసింగ్‌ను గీకుతుంది. టూల్ దొరక్కపోతే మెత్తటి ఇనుప స్ప్లిట్ పిన్ను రెండు కాళ్లూ వంచి, తల సాగగొట్టి వాడవచ్చు.

షెల్ సెట్లు కొనే ముందు పాత షెల్ వీపు మీద ముద్ర చదవండి. ఎస్‌టీడీ అని ఉంటే స్టాండర్డ్. 0.25, 0.50, 0.75, 1.00 అని ఉంటే క్రాంక్ ఇదివరకే అంత మేర గ్రైండ్ అయింది. అంగుళాల లెక్కలో ఇవే 10, 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). కొన్ని క్రాంకుల్లో మెయిన్స్ ఒక సైజులో, రాడ్స్ ఇంకో సైజులో ఉంటాయి కనుక రెండూ చూడాలి. అందుకే ఒక రాడ్ క్యాప్, ఒక మెయిన్ క్యాప్ విప్పి ముద్ర చూశాకే ఆర్డర్ పెట్టడం మేలు. గ్యాస్కెట్లు, సక్షన్ పైపు ఓ-రింగ్, క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు, మాన్యువల్ ఒక్కసారే వాడమన్న బోల్టులు కూడా అదే ఆర్డర్‌లో చేర్చండి.

సంప్ దిగేదాకా

బండి చదునైన నేల మీద ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డులు పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. మీరు క్రాంక్ కింద చేతులు పెట్టి ఉండగా పైనుంచి ఎవరో స్టార్టర్ నొక్కే అవకాశం ఏ కొంచెమూ మిగలకూడదు. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే గాలి వదిలి చాసిస్‌ను స్టాండ్ల మీద నిలపండి.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి. పెద్ద ఇంజిన్లలో 30, 40 లీటర్లు వస్తుంది, అందుకు తగిన పాత్ర ముందే పెట్టుకోండి. చివర్లో వచ్చే ఆయిల్‌ను కొంచెం గాజు సీసాలో పట్టి కదలకుండా ఒక రాత్రి ఉంచితే అడుగున నీళ్లు ఉన్నాయా, పాలలా విరిగిందా అని తెలుస్తుంది.

సంప్ దించాక అడుగున మిగిలినదాన్ని పారబోయకుండా తెల్ల గుడ్డలో వడకట్టి చూడండి. తర్వాత సక్షన్ పైపు, ఆయిల్ పంప్ అడ్డం వస్తే పంప్, కొన్ని ఇంజిన్లలో బ్లాక్ కింద ఉండే స్టిఫెనర్ ప్లేటు తీయాలి. పంప్ కింద షిమ్‌లు ఉంటే ఏది ఎక్కడిదో గుర్తు పెట్టండి.

ఇక్కడ ఒక పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లకండి. రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా గాలి కొట్టి, అరగంట ఆగి కింద నుంచి టార్చి వేసి ప్రతి లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అడుగు చూడండి. లైనర్ ఓ-రింగ్ దగ్గర ఒక్క చుక్క కూలెంట్ మెరిసినా మీ బేరింగులు అరగడానికి కారణం దొరికినట్టే. కూలెంట్‌లోని గ్లైకాల్ షెల్ పైపొరలోని సీసాన్ని తినేస్తుంది. లైనర్ సంగతి తేల్చకుండా కొత్త షెల్స్ వేస్తే అవీ అదే దారి పడతాయి.

రాడ్ బేరింగులు

రాడ్స్ ముందు పూర్తిచేసి, ఆ తర్వాతే మెయిన్స్‌కు వెళ్లండి. మెయిన్ షెల్స్ తిప్పడానికి క్రాంక్ తిరగాలి. రాడ్ క్యాపులు ఊడి ఉండగా క్రాంక్ తిప్పితే వేలాడుతున్న రాడ్ జర్నల్‌ను కొట్టేస్తుంది.

వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్లో 1-6, 2-5, 3-4 పిస్టన్లు జంటగా కిందికి వస్తాయి. ఒక జంటను కింది చావు బిందువుకు (పిస్టన్ దిగే అట్టడుగు చోటుకు) తెచ్చి ఆ రెండిటి పనీ పూర్తిచేసి, బిగించి, అప్పుడే తర్వాతి జంటకు తిప్పండి.

క్యాప్ విప్పేముందు రాడ్ మీదా క్యాప్ మీదా ఒకే వైపు నంబరు ఉందో చూడండి. లేకపోతే పెయింట్ పెన్నుతో రాయండి, సుత్తితో కొట్టి గుర్తు వేయకండి. క్యాప్ ఏ రాడ్‌దో ఆ రాడ్‌కే, ఏ వైపుదో ఆ వైపే. రాడ్, క్యాప్ విరగగొట్టి విడదీసిన రకమైతే, అంటే కలిసే చోట గరుకుగా గింజలు గింజలుగా ఉంటే, క్యాప్‌ను ఆ ముఖం మీద నేలకు ఆనించి పెట్టకండి. అక్కడ ఒక గింజ రాలినా అతుకు సరిపడదు.

బోల్టులను సగం సగం వదులు చేస్తూ తీసి, క్యాప్‌ను ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టండి. రాడ్‌లోనే స్టడ్లు ఉన్న రకమైతే వాటికి రబ్బరు పైపు ముక్కలు తొడగండి. ఇప్పుడు రాడ్‌ను పైకి తోయాలి. షెల్ తీయడానికి ఎంత చోటు కావాలో అంతే. ఎక్కువ తోస్తే రింగులు లైనర్ పైఅంచులో మసి గట్టును తగులుతాయి, ఇంకా తోస్తే పిస్టన్ హెడ్డును తాకుతుంది. తోసేటప్పుడు పిస్టన్ కూలింగ్ జెట్ మీద ఓ కన్ను వేసి ఉంచండి. దాని ముక్కు రవ్వంత వంగితే ఆయిల్ ధార పిస్టన్‌కు తగలదు, కొన్నాళ్లకు ఆ సిలిండర్ పిస్టన్ పట్టేస్తుంది. ఆ నష్టానికి అసలు కారణం ఇదని అప్పుడు ఎవరికీ తట్టదు.

షెల్స్ తీసి, వీపు మీద సిలిండర్ నంబరు, పైదో కిందిదో మార్కర్‌తో రాసి వరసగా పలక మీద పేర్చండి. ఆ వరస తర్వాత మీకు చాలా చెబుతుంది.

జర్నల్‌ను తుడిచి వేలితో, గోరుతో, వెలుతురుతో చూడండి. మైక్రోమీటర్‌తో రెండు అంచుల దగ్గరా మధ్యలోనూ, ఒక్కోచోట 90 డిగ్రీల తేడాతో కొలవండి. రెండు దిశల అంకెల తేడా గుండ్రం తప్పిన కొలత, రెండు అంచుల తేడా టేపర్. రెండు దిశల్లో తేడా 0.025 మి.మీ. దగ్గరికి వస్తోందంటే మాన్యువల్ హద్దు తెరిచి చూడాల్సిన సమయం. తేలికపాటి మసకను 600 నంబరు ఎమరీ బట్టకు ఆయిల్ రాసి పట్టీలా చుట్టి లాగి పోగొట్టవచ్చు. ముందు ఆయిల్ రంధ్రాన్ని మెత్తటి బిరడాతో మూయాలి, తర్వాత తీయడం మర్చిపోకూడదు. గీతలను ఎమరీతో పోగొట్టాలని చూడకండి, జర్నల్ ఆకారం చెడుతుంది.

కొత్త షెల్ వేసేటప్పుడు హౌసింగ్, షెల్ వీపు పూర్తిగా పొడిగా ఉండాలి. అక్కడ ఆయిల్ రాయడం చాలామందికి అలవాటు, అది మానాలి. షెల్‌లోని వేడి వీపు గుండా రాడ్‌లోకి పోవాలి, పైగా షెల్ జారకుండా నిలిచేది ఆ పొడి పట్టు వల్లే. అక్కడ ఒక వెంట్రుక పడినా లోపలి ముఖం మీద బొడిపె లేస్తుంది, అదే చోట పైపొర మొదట పోతుంది. షెల్ అంచున ఉండే చిన్న నాలుక, అంటే లాక్, గాడిలో కూర్చోవాలి. షెల్ అంచులు హౌసింగ్ అంచు కన్నా రవ్వంత పైకి కనిపిస్తాయి. అది లోపం కాదు, క్యాప్ బిగిస్తే షెల్ నొక్కుకుని హౌసింగ్‌కు అతుక్కోవడానికే అలా చేస్తారు. దాన్ని ఆకురాయితో రాస్తే షెల్ మొదటి రోజు నుంచే కదలడం మొదలుపెడుతుంది.

పై షెల్, కింది షెల్ ఒకటే అనుకోకండి. రాడ్‌లో పేలుడు భారమంతా పైషెల్ మీద పడుతుంది. కొన్ని ఇంజిన్లలో పైదానికి గట్టి లోహపు పొర వేసి ప్రత్యేకంగా చేస్తారు. పెట్టె మీద, షెల్ వీపు మీద పార్టు నంబర్లు చదివి వేయండి.

క్లియరెన్స్ కొలవడం

కొత్త షెల్స్ పెట్టె మీద రాసినంత మాత్రాన సరిపోతాయని నమ్మకండి. కింది షెల్ మీద, ఆయిల్ రంధ్రానికి దూరంగా, జర్నల్ పొడవునా ప్లాస్టీగేజ్ తీగ ముక్క పెట్టండి. ముఖాలు ఆయిల్ లేకుండా ఉండాలి, ఆ తీగ ఆయిల్‌లో కరుగుతుంది. పాత బోల్టులతోనే పూర్తి టార్క్ దాకా బిగించి మళ్లీ విప్పండి. మధ్యలో క్రాంక్ ఒక్క డిగ్రీ తిరిగినా కొలత చెడుతుంది. తీగ ఎంత వెడల్పయిందో కవరు మీది స్కేలుతో పోల్చండి. ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే జర్నల్ టేపర్ అయింది.

జర్నల్ వ్యాసంలో ప్రతి 100 మి.మీ.కు ఇంచుమించు 0.075 నుంచి 0.10 మి.మీ. వాడుకలో ఉన్న లెక్క. ఇది మీ కొలతలో తప్పు జరిగిందేమో తెలుసుకోడానికి మాత్రమే, హద్దు మాన్యువల్‌లోనిదే. కొత్త స్టాండర్డ్ షెల్‌తో కూడా క్లియరెన్స్ హద్దు దాటిందంటే జర్నల్ అరిగింది. అప్పుడు షెల్ వెనక రేకు పెట్టడం, క్యాప్ ముఖం రాయడం, ఒక సగం స్టాండర్డ్ ఒక సగం అండర్‌సైజ్ (గ్రైండ్ చేసిన జర్నల్‌కు వేసే మందమైన షెల్) వేయడం లాంటి పనులకు దిగకండి. క్రాంక్ గ్రైండింగ్‌కు పోవాలి.

కొలత బాగుంటే తీగను ఆయిల్ గుడ్డతో తుడిచేసి, షెల్ ముఖానికీ జర్నల్‌కూ అసెంబ్లీ ఆయిల్ బాగా రాసి, బోల్టు మరలకూ తల కిందా మాన్యువల్ చెప్పిన ఆయిల్ రాసి బిగించండి. టార్క్ అంకెలు ఆయిల్ రాసిన మరలకే లెక్క వేసినవైతే పొడి బోల్టు ఆ అంకె దగ్గరకొచ్చినా బిగువు తక్కువే ఉంటుంది. టార్క్ తర్వాత కోణం చెప్పి ఉంటే బోల్టు తలకు పెయింట్ గుర్తు పెట్టి తిప్పండి. ఊహతో 90 డిగ్రీలు అనుకుని తిప్పిన బోల్టులు రెండు ఒకేలా ఉండవు.

ప్రతి క్యాప్ బిగించాక రాడ్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ జరపండి. జారుతూ కదలాలి. కదలకపోతే క్యాప్ తిరగేసి పెట్టి ఉంటారు, లేదా షెల్ లాక్ గాడిలో లేదు. తర్వాత బారింగ్ టూల్‌తో క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పండి. చివరగా బిగించినదాని తర్వాత బరువెక్కితే దోషం అక్కడే ఉంది. అందుకే అన్నీ కలిపి చివర్లో తిప్పి చూడటం కన్నా ఒక్కోటి తిప్పి చూడటం మంచిది.

మెయిన్ బేరింగులు

మెయిన్ క్యాపులు బ్లాక్‌తో కలిపి బోర్ చేసినవి. నంబరు, దిశ మారకూడదు. ఒకసారికి ఒక్కటే తీయండి. పక్కవి బిగుతుగా ఉంటే క్రాంక్ పైకి అదిమిపెట్టి పైషెల్ కదలదు, అలాంటప్పుడు పక్క క్యాపులు ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే క్రాంక్ రవ్వంత దిగి షెల్ విడుస్తుంది.

క్యాప్ తీసి కింది షెల్ తీసేశాక, పైషెల్ లాక్ ఏ వైపుందో టార్చితో చూడండి. జర్నల్ ఆయిల్ రంధ్రం కనిపించేలా క్రాంక్ తిప్పి పిన్ను పెట్టండి. ఇప్పుడు క్రాంక్‌ను, లాక్ ఉన్న అంచు ముందుగా బయటికి వచ్చే దిశలో నెమ్మదిగా తిప్పండి. పిన్ను తల లాక్ లేని అంచును తోస్తుంది, షెల్ జర్నల్ మీదుగా చుట్టు తిరిగి కిందికి దిగుతుంది. రెండో దిశలో తిప్పితే లాక్ బ్లాక్‌కు తట్టుకుని షెల్ ఇరుక్కుంటుంది. బలం పెట్టాల్సి వస్తుంటే ఆగి దిశ సరిచూసుకోండి.

జర్నల్‌లో ఆయిల్ రంధ్రం లేని మెయిన్ ఏదైనా ఉంటే, మెత్తటి ఇత్తడి పట్టీని షెల్ అంచుకు ఆనించి తట్టి కదిలించి, తర్వాత చేత్తో తిప్పి తీయాలి. ఉక్కు స్క్రూడ్రైవర్ జర్నల్ దగ్గరికే రాకూడదు.

కొత్త పైషెల్ ఎక్కించేటప్పుడు వరస తిరగబడుతుంది. లాక్ లేని నున్నటి అంచు ముందు లోపలికి వెళ్లాలి, లాక్ చివరగా వచ్చి గాడిలో కూర్చోవాలి. వేలితో ఎంతవరకు పోతే అంతవరకు తోసి, మిగతాది పిన్నుతో తిప్పండి. చివరి 5 మి.మీ. కూడా లోపలికి పోయాక షెల్ రెండు అంచులూ బ్లాక్ ముఖానికి సమంగా ఉన్నాయో చూడండి. ఒక పక్క ఎక్కువ పొడుచుకొచ్చి ఉంటే లాక్ కూర్చోలేదు. ఆ స్థితిలో క్యాప్ బిగిస్తే షెల్ నలిగిపోతుంది. పిన్ను తీసేశారని రెండుసార్లు చూసుకోండి, దాన్ని లోపలే ఉంచి క్యాప్ బిగించడం జరిగే ప్రమాదమే.

ఎక్కించే ముందు చూడవలసిన ముఖ్యమైన విషయం ఆయిల్ రంధ్రం. చాలా ఇంజిన్లలో బ్లాక్ వైపు వెళ్లే పైషెల్‌కు రంధ్రం, గాడి ఉంటాయి, క్యాప్ వైపుది నున్నగా ఉంటుంది. నున్నటి షెల్‌ను పొరపాటున పైన వేస్తే ఆ జర్నల్‌కూ, దాని నుంచి ఆయిల్ అందుకునే రాడ్‌కూ ఆయిల్ పూర్తిగా ఆగిపోతుంది. స్టార్ట్ చేసిన కొన్ని నిమిషాల్లో క్రాంక్ పోతుంది. ప్రతి పైషెల్‌ను బ్లాక్ రంధ్రం ముందు పట్టి రెండు రంధ్రాలూ ఎదురెదురుగా వస్తాయని చూశాకే లోపలికి తిప్పండి.

మెయిన్స్‌లో ప్లాస్టీగేజ్ పెట్టేటప్పుడు ఒక మోసం ఉంది. క్రాంక్ తన బరువుతో కింది షెల్ మీద ఆని ఉంటుంది కనుక క్లియరెన్స్ మొత్తం పైనే ఉంటుంది, కింద పెట్టిన తీగ నలిగిపోయి క్లియరెన్స్ లేనట్టు చూపిస్తుంది. పక్కనున్న కౌంటర్‌వెయిట్ (క్రాంక్ మీది సమతూకపు బరువు) కింద చిన్న హైడ్రాలిక్ జాకీ, మధ్యలో చెక్క ముక్క పెట్టి క్రాంక్ పైషెల్‌కు ఆనేదాకా లేపి, అప్పుడు కొలవండి. ఆనిందని తెలిశాక ఇక జాకీ నొక్కకండి, క్రాంక్ వంగుతుంది.

భారం మెయిన్స్‌లో కింది షెల్ మీద, రాడ్స్‌లో పైషెల్ మీద పడుతుందని గుర్తుంటే పాత షెల్స్ చదవడం తేలిక. మధ్యలో సమంగా మసకబారి, అక్కడక్కడా రాగి తొంగిచూస్తే అది మామూలు అరుగుదల. భారం పడే షెల్స్ అన్నీ ఎక్కువ అరిగితే తక్కువ స్పీడులో భారీ లోడ్ లాగించడం లేదా ఇంజెక్షన్ టైమింగ్ ముందుకు జరిగి ఉండటం చూడండి. ఒక షెల్‌లో ఒక అంచే అరిగితే రాడ్ వంగింది, లేదా జర్నల్ టేపర్. తిరిగే దిశలో గీతలు, మెరిసే గింజలు గుచ్చుకుని ఉంటే దుమ్ము. అప్పుడు ఎయిర్ క్లీనర్ పైపులు, ఫిల్టర్ బైపాస్ వాల్వ్ చూడాలి. నల్లబడి చిన్న గుంటలుగా తినేసినట్టుంటే కూలెంట్, లేదా మార్చాల్సిన గడువు దాటిన ఆయిల్. అన్ని షెల్స్ పైపొరా తుడిచేసినట్టు పూసుకుపోతే ఆయిల్ అందలేదు, లేదా డీజిల్ కలిసి పలచబడింది. వీపు మీద అద్దంలా మెరిసే మచ్చ ఉంటే షెల్ కదులుతూ ఉంది, హౌసింగ్ కొలవాలి. పలక మీద వరసలో మధ్య మెయిన్స్ మాత్రమే ఎక్కువ పోయి ఉంటే క్రాంక్ వంగిందేమో, హౌసింగ్‌ల వరస చెదిరిందేమో కొలవాలి. అందుకు క్రాంక్ దిగాలి.

థ్రస్ట్ వాషర్లు

వీటిని మెయిన్ షెల్స్‌తో పాటే మార్చండి. గాడులున్న ముఖం క్రాంక్ చెంప (జర్నల్ పక్కనున్న క్రాంక్ ముఖం) వైపు ఉండాలి, బ్లాక్ వైపు కాదు. తిరగేసి వేస్తే ఆయిల్ నిలవక కొన్ని గంటల్లోనే మాడిపోతాయి. థ్రస్ట్ ఉన్న మెయిన్ క్యాప్‌ను చేతి బిగువుకు తెచ్చి, క్రాంక్‌ను బార్‌తో ముందుకు, తర్వాత వెనక్కు నెట్టి వాషర్ల ముఖాలు సమంగా కూర్చున్నాక పూర్తి టార్క్ ఇవ్వండి.

డయల్ గేజ్‌ను క్రాంక్ ముందు అంచుకు ఆనించి ఎండ్ ప్లే, అంటే క్రాంక్ ముందుకూ వెనక్కూ జరిగే మేర, చూడండి. చాలా ఇంజిన్లలో 0.10 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంటుంది. దాటితే మందమైన వాషర్లు దొరుకుతాయి, అయితే చెంప ముఖంలో గాడి పడి ఉంటే అవి నిలవవు. థ్రస్ట్ ఒక్కటే పోయి మిగతావి బాగున్నాయంటే క్లచ్ వైపు చూడండి. క్లచ్ ఫ్రీ ప్లే లేకపోవడం, పెడల్ మీద కాలు పెట్టి నడపడం థ్రస్ట్‌ను అరగదీస్తాయి.

మూసే ముందు ఆయిల్ కారించి చూడటం

సంప్ ఇంకా విప్పి ఉండగానే, మెయిన్ గ్యాలరీ ప్లగ్ తీసి ప్రెషర్ పాత్ర నుంచి శుభ్రమైన ఆయిల్‌ను 2 నుంచి 3 బార్ ప్రెషర్‌తో ఎక్కించండి. కింద ట్రే పెట్టి ప్రతి బేరింగ్ పక్కనా చూడండి. చుక్కలు వేగంగా రాలుతూ, అక్కడక్కడా సన్నని తీగలా కారాలి. ఒకచోట ధారగా పోస్తుంటే అక్కడ క్లియరెన్స్ ఎక్కువ. ఒకచోట చుక్కే లేకపోతే క్రాంక్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ చూడండి. అప్పటికీ రాకపోతే పైషెల్, కింది షెల్ తారుమారయ్యాయి, లేదా దారి మూసుకుంది. ఆ క్యాప్ విప్పాల్సిందే. ఈ ఒక్క పరీక్షకు పట్టే గంట ఈ పని మొత్తంలో మీరు పెట్టే అత్యంత విలువైన గంట. దీంతో గ్యాలరీలు ఆయిల్‌తో నిండి మొదటి స్టార్ట్ పొడిగా జరగకుండా కూడా ఉంటుంది.

పాత బేరింగుల పొట్టు ఆయిల్‌లోకి వెళ్లి ఉంటే ఆయిల్ కూలర్ లోపల దాక్కుంటుంది. దాన్ని కడిగి పూర్తిగా వదిలించడం కష్టం, బాగా చెదిరిన బేరింగుల తర్వాత కొత్త కోర్ వేయడమే నయం. రిలీఫ్ వాల్వ్ విప్పి కడగండి. పంప్ తెరిచి గేర్లలో గీతలున్నాయేమో చూడండి. టర్బో షాఫ్ట్‌ను చేత్తో కదిపి చూడండి, అదే ఆయిల్ దానికీ వెళ్లింది. కూలింగ్ జెట్ల ముక్కులు మూసుకోకుండా ఉన్నాయేమో చూడండి.

సక్షన్ పైపు ఓ-రింగ్ కొత్తదే వేయండి, మడత పడకుండా గ్రీజు రాసి నెట్టండి. అక్కడ గాలి లాగితే ఆయిల్ నురగై కొత్త బేరింగులు కూడా పోతాయి. సంప్ ముఖాన్ని గీకేటప్పుడు రాలే ముక్కలు పైకి, క్రాంక్ మీదికి పోకుండా చూడండి.

మొదటి స్టార్ట్

సరైన గ్రేడ్ కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్లు. ఫిల్టర్‌లో ముందుగా ఆయిల్ నింపితే బయటి వరస రంధ్రాల గుండానే పోయండి. మధ్య రంధ్రంలో పోస్తే వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళ్తుంది.

ఫ్యూయల్ ఆపి స్టార్టర్ తిప్పండి. ఒకసారికి 30 సెకన్లు మించొద్దు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. గేజ్‌లో ప్రెషర్ కదిలాకే ఫ్యూయల్ ఇవ్వండి. స్టార్ట్ అయ్యాక 10 నుంచి 15 సెకన్లలో ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపాలి, "వస్తుందిలే" అని చూడొద్దు. ప్రెషర్ వస్తే ఐడిల్‌లో అయిదు నిమిషాలు నడిపి, ఆపి, కింద లీకులు చూసి, ఆయిల్ మట్టం సరిచేయండి. మళ్లీ స్టార్ట్ చేసి మెల్లగా స్పీడు పెంచుతూ పూర్తి వేడికి తెచ్చి, వేడి ఐడిల్ ప్రెషర్, రేటెడ్ స్పీడు ప్రెషర్ రెండూ రాసిపెట్టుకోండి. ఆ రెండు అంకెలు ఇకమీదట మీరు పోల్చి చూసుకునే కొలబద్ద.

గంటల తరబడి ఐడిల్‌లో వదలడం రింగులకు మంచిది కాదు. మధ్యస్థ లోడుతో పనిలో పెట్టండి, మొదటి రోజుల్లో తక్కువ స్పీడులో గట్టిగా లాగించకండి. 50 నుంచి 100 గంటల మధ్య ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి చూడండి. మొదటిసారి సన్నటి దుమ్ములాంటి లోహం కొంచెం కనిపించవచ్చు. రేకులు కనిపిస్తే మళ్లీ సంప్ విప్పాలి. అదే సమయంలో ఆయిల్ నమూనా ఒకటి పరీక్షకు పంపి, సోడియం, పొటాషియం అంకెలు ముందుగా చదవండి, సీసం ఆ తర్వాత.